కిందికి జారిన చివరి అక్షరం

ఊయల పెయింటరు ముప్పై ఏళ్ళకు పైగా ఒకే గోడకు రంగు వేశాడు. గోడంటే మామూలు గోడ కాదు, సిమెంటు ఫ్యాక్టరీలో సరుకు నిలవచేసే సైలో. బురుజులా గుండ్రంగా, ఊళ్ళో ఏ మూలన నిలబడ్డా కనబడేంత ఎత్తున ఉంటుంది. పైనుంచి తాళ్ళు దించి, వాటికి చెక్క పలక కట్టి, దాని మీద కూర్చుని ఊగుతూ కంపెనీ పేరు రాసేవాడు కాబట్టి అతనికి ఊయల పెయింటరన్న పేరు స్థిరపడిపోయింది. అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడడు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ కంపెనీ పుట్టుక అంత గొప్పదేమీ కాదు. ఒక బావా బావమరిదీ కలిసి పెట్టుకున్న సున్నపు బట్టీ. నాలుగు డబ్బులు వెనకేసుకున్నాక పక్కనే సిమెంటు మొదలుపెట్టారు. కంపెనీ పేరులో తమ పేర్లే కాదు, తమ తండ్రుల పేర్లు కూడా ఉండి తీరాలని ఇద్దరూ పట్టుబట్టారు. దాంతో ఆ పేరు సైలో చుట్టూ సగం దాకా పాకింది. మొత్తం చదవాలంటే సంత దగ్గర మొదలుపెట్టి రైలు గేటు దాకా నడవాలి. సంత వైపు వాళ్ళకు అది బావ కంపెనీ, రైలు గేటు వాళ్ళకు బావమరిది కంపెనీ. కొన్నేళ్ళకు ఓడలున్న కంపెనీ ఒకటి వచ్చి కలిసింది, పేరు సగమైంది. ఆ తర్వాత సముద్రం అవతలి పెద్ద కంపెనీ మొత్తం కొనేసింది, పేరు మూడక్షరాలకు దిగింది. కంపెనీ దేశాలు దాటి పెరుగుతున్నకొద్దీ పేరు తరిగిపోతూ వచ్చింది. ఇదేం ఎదుగుదలో పెయింటరుకు అంతు పట్టేది కాదు.

పలక మీద కూర్చున్నవాడికి ముక్కు ముందున్న రంగు తప్ప ఇంకేమీ కనబడదు. అక్షరం నిటారుగా ఉందో పక్కకు ఒరిగిందో దూరం నుంచి ఎవరో చూసి చెప్పాలి. ఆ పని అతని భార్యది. వీధి చివర తమ ఇంటి మేడమెట్ల మీద నిలబడి తెల్ల తువ్వాలు పైకి ఊపితే పైకి జరగాలి, కిందికి ఊపితే కిందికి దిగాలి. దిగాలంటే తాడు ముడి సడలించి, కాస్త జారి, మళ్ళీ బిగించుకోవాలి.

ఇంత చేసినా ప్రతిసారీ పేరులోని చివరి అక్షరం మూరెడు కిందికి జారేది.

"నీ చివరి అక్షరం అలిసిపోయి చతికిలబడింది మేస్త్రీ," అనేవాడు టీ కొట్టువాడు.

"చెయ్యి జారిందిలే," అని నవ్వేసేవాడు పెయింటరు. తువ్వాలు చెప్పినట్టే దిగానని ఒక్కనాడూ పైకి అనలేదు. పెళ్ళాం చూపు కాస్త ఒంకరని మనసులో అనుకుని, మాట తన మీదే వేసుకున్నాడు. లోపల మాత్రం మండేది. ఎందుకంటే ఆ జారుడు సైలోతో ఆగలేదు. యజమానుల్లో బావగారు సైలోను ఫొటో తీయించి, దాన్ని ఉన్నదున్నట్టు బస్తాల మీద అచ్చువేయించాడు. ఆ బస్తాలు లారీలెక్కాయి, ఓడలెక్కాయి. ఓసారి ఎవరో తెలివిగా అక్షరాలన్నీ ఒకే వరసలోకి తెచ్చి అచ్చువేస్తే, దుకాణదారులు నకిలీ సరుకని తిప్పి పంపారు. అప్పట్నుంచి కంపెనీని ఎవరు కొన్నా ఆ జారుడు జోలికి పోలేదు. తన తప్పు పరాయి దేశాల్లో కూడా తిరుగుతోందని తలుచుకుంటే అతనికి తల కొట్టేసినట్టుండేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తిన్నగా రాసి ఆ సైలో దిగాలన్నదే అతని కోరిక.

ఈ ఏడు కంపెనీ ఆఫీసరు ఇంటికొచ్చి కొత్త బొమ్మ చూపించాడు. ఇక అక్షరాలే లేవు. ఆకుపచ్చ రంగులో కొసలు కలవని ఒక వలయం, అంతే. దాని కుడివైపు కొస కిందికి జారి ఉంది.

"ఇదేంటి బాబూ, ఇక్కడ జారింది?"

"అదే కదండీ మన గుర్తు. ఎంత ఎదిగినా నేలను మరిచిపోలేదని దానర్థం. హెడ్డాఫీసులో దీని గురించి ఓ పుస్తకమే వేశారు." ఆఫీసరు కాస్త నసిగాడు. "ఇంకో మాట. మీ వయసు వాళ్ళని పైకి ఎక్కించొద్దని రూలు పెట్టారు. మీ అమ్మాయి చేస్తానంది."

"నేను వేస్తాను నాన్నా, నువ్వు కింద నుంచి చూడు," అంది కూతురు. పని అతని దగ్గరే నేర్చుకున్న పిల్ల.

తిన్నగా రాసే యోగమూ లేదు, ఎక్కే యోగమూ లేదు. ఆఫీసరు వెళ్ళాక పెయింటరు మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. వంటింట్లో భార్య చేతిలో గిన్నె కింద పెట్టి మరీ నవ్వుతోంది.

"నేలను మరిచిపోలేదట!"

"నవ్వు, నవ్వు. నీ ఒంకర చూపు వల్లే కదా ఇదంతా," అనేశాడు. ఇన్నేళ్ళు దాచుకున్న మాట నోరు జారేసరికి నాలిక కరుచుకున్నాడు.

"నా చూపుకేం, దివ్యంగా ఉంది. అక్షరం సరిగ్గానే ఉండేది. నేనే దింపించేదాన్ని."

"ఎందుకు?"

"చివరి అక్షరానికి వచ్చేసరికి మీకు ఇంటి ధ్యాస పట్టేది. కాళ్ళూపుకుంటూ, ఈల వేసుకుంటూ, ముడి వంక చూస్తే ఒట్టు. నేను అరిస్తే అంత ఎత్తుకు వినబడదాయె. కిందికి దిగమంటే ముడి విప్పి మళ్ళీ వేసుకోవాలి కదా. అప్పుడైనా చూసుకుంటారని."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే దిగేవారా?"

దేశదేశాల్లో బస్తాలెక్కి తిరుగుతున్నది తన తప్పు కాదు, ఈవిడ భయం. పెయింటరుకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్ళు చెమర్చాయి. ఎన్నాళ్ళ నుంచో ఉన్న మంట చల్లారి కడుపు నిండినట్టయింది.

కూతురు పని మొదలుపెట్టింది. ఆమె నడుముకు పట్టీలు, తాళ్ళకు ఇనప కొక్కేలు, చెవిలో ఫోను. తువ్వాలుతో పనే లేదు. అయినా తల్లి దాన్ని తీసుకొచ్చి తండ్రి భుజాన వేసింది. రోజూ ఆయన మేడమెట్ల మీద నిలబడి ఫోనులో చెబుతుంటే వలయం గుండ్రంగా తిరుగుతూ వచ్చింది. ఇక మిగిలింది ఆ కొస ఒక్కటే.

ఆ సాయంత్రం గాలి లేచింది. కొస బొమ్మలో ఉన్నట్టే, అచ్చం అంతే జారింది. వంక పెట్టడానికి లేదు. పైన అమ్మాయి కాళ్ళూపుతోంది. ఫోనులో కూనిరాగం వినబడుతోంది.

పెయింటరు భుజం మీది తువ్వాలు తీసి కిందికి ఊపాడు.

"ఏం నాన్నా, సరిగ్గా లేదా? బొమ్మలో ఉన్నంతే దించాను కదా."

"ఇంకో మూరెడు దించమ్మా."

పక్కనే ఉన్న భార్య సైలో వైపే చూస్తూ నిలబడింది.

పైన కూనిరాగం ఆగింది, కాళ్ళు ఆగాయి. అమ్మాయి కొక్కెం చేత్తో పట్టుకుని చూసింది. సడలించింది, మూరెడు దిగింది, బిగించింది, లాగి మళ్ళీ చూసుకుంది. అప్పుడు పెయింటరు తువ్వాలు భుజాన వేసుకుని మెట్ల మీద కూర్చున్నాడు.