కొండ దిగే బండి

“చప్పుడు చేయని ప్యాడ్లు కాదమ్మా, మీకు వేడిని తట్టుకునేవి కావాలి,” అంటూ స్పేరుపార్టుల షాపాయన టీచరమ్మ తెచ్చిన పాత బ్రేకు డిస్కును వెలుతురుకేసి తిప్పాడు. ఏ డిస్కు చేతికొచ్చినా ముందు దాని అంచు మీద బొటనవేలి గోరు నడిపిస్తాడాయన. ఆ బండి ఏ దారిన తిరుగుతోందో గోరే ఆయనకు చెబుతుంది. “నీలంగా కమిలింది చూశారా? కొండ దిగినంతసేపూ కాలు తీయకుండా తొక్కుతున్నారు. కొండ అవతలి ఊరికేనా?” ప్రతి శనివారం అక్కడున్న అమ్మ దగ్గరికి వెళతానందామె. “మా అక్కదీ ఆ ఊరే,” అన్నాడు.

ఇరవై ఏళ్లుగా అందరి కార్లకూ బ్రేకులు ఎంచి ఇచ్చే ఆ మనిషికి తను కారెక్కితే నాలుగో మలుపుకే వాంతులు. పోయిన నెల అక్క మెట్ల మీద జారిపడిందని తెలిసి బయలుదేరినవాడు, సగం కొండలో దిగిపోయి నడిచి వెనక్కొచ్చాడు.

రెండు రకాల ప్యాడ్లను చెరో అరచేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, ఒకటి వెనక్కి పెట్టేశాడు. “డిస్కులు రెండువైపులా మార్చండి. ఈ శనివారం మాత్రం కొండెక్కకండి, కొత్తవి కుదురుకోవాలి. పై వారం వెళ్లండి.” ఆ మాట అనేశాక ఆయన మొహమే చిన్నబోయింది. డిస్కుల పెట్టెకు పురికొస కడుతూ గొంతు తగ్గించాడు. “మా అక్క పోయిన నెల మెట్ల మీద జారిపడిందమ్మా. ఫోన్లో అడిగితే తగ్గిపోయిందిరా అంటుంది. తనెప్పుడు నిజం చెప్పింది గనక! వాళ్లిల్లు చెబుతాను, మీరు లోపలికి వెళ్లొద్దమ్మా. గేటు దగ్గర ఆగి హారను కొట్టండి. గుమ్మం నుంచి గేటు దాకా తననే నడిచి రానివ్వండి. కుంటుతోందో లేదో చూసొచ్చి నాకు చెప్పండి.”