మనిషికొక ధర, కాగితానికొక ధర

ఒక మనిషి పదకొండేళ్ళుగా నన్ను దేవుడనుకుంటున్నాడు. ఆ బరువు మోయలేక చస్తున్నాను. తిట్టేవాడైతే తిరిగి తిట్టొచ్చు. కోర్టుకి లాగేవాడైతే వకీలుని పెట్టుకోవచ్చు. చేతులు జోడించేవాణ్ణి ఏం చెయ్యాలి?

దీన్ని తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. అదీ పిరికి కారణమే. మాది కోయంబత్తూరు పక్క. ఎన్నో తరాలుగా ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదువు మాత్రం తమిళంలోనో ఇంగ్లీషులోనో. తెలుగు అక్షరం మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ రాదు. వయసులో ఉన్నప్పుడు పంపుసెట్లు అమ్ముతూ నెల్లూరులో ఆరేళ్ళున్నాను. అంగళ్ళ బోర్డులు, పేపర్లు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. తమిళంలో రాస్తే నా భార్య చదువుతుంది. ఇంగ్లీషులో రాస్తే మా అల్లుడు చదువుతాడు. అందుకని ఇలా. మీరెవరో నాకు తెలియదు. మీకు చెబుతాను.

మాదొక పంపుల వర్క్‌షాపు. అందులో ఒక ఫిట్టర్ ఉన్నాడు. అసలు పేరు వద్దు, మారప్ప అనుకుందాం. కారమడై దగ్గర మా తోటల్లో అతని తాత, తండ్రి పనిచేశారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ తెలుగే. అయినా మేము వాళ్ళతో తెలుగు మాట్లాడేవాళ్ళం కాదు. మా నాయన తమిళంలోనే పని చెప్పేవాడు, నేనూ అంతే. ఎందుకని అడిగితే మా వాళ్ళు అదంతే అంటారు. ఎందుకో నాకు తెలుసు. భాష ఒకటే అని ఒప్పుకుంటే పంక్తి కూడా ఒకటే అనాల్సి వస్తుందని భయం. మారప్ప నన్ను మొదలాళి అనేవాడు, యజమాని అని. ఏం చెప్పినా "సరీంగ మొదలాళి" అనేవాడు. ఇంకో మాట ఉండేది కాదు.

పనిలో మాత్రం రాక్షసుడు. స్క్రూడ్రైవర్ మొన మోటారు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఏ బేరింగు పోయిందో, ఇంకెన్ని నెలలు నడుస్తుందో చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. గిరాకీలు నా పేరు చూసి వచ్చేవాళ్ళు, అతని చెవిని నమ్మి మళ్ళీ వచ్చేవాళ్ళు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. అతనికి తెలియకుండా చూసుకున్నాను.

ఆఫ్రికాలో ఒక దేశంలో ఒక రైతు మా పంపులు కొన్నాడు. పంపులు ఓడలో వెళ్ళాయి. బిగించడానికి మేమిద్దరం విమానంలో వెళ్ళాలి. అప్పటికే మారప్ప దగ్గర కొత్త పాస్‌పోర్టు ఉంది. అది నా కోసం తీసుకున్నది కాదు. బయలుదేరే వారం ముందు తల వంచుకుని చెప్పాడు. సింగపూరులో ఓడల రిపేరు యార్డులో ఉద్యోగం కుదిరింది, రెండు నెలల్లో రమ్మన్నారు, మీ పని ముగించి ఇచ్చాకే పోతాను అని. "రొంబ సంతోషం" అన్నాను. అన్నానే గానీ ఆ మధ్యాహ్నం ముద్ద దిగలేదు.

విడిభాగాలు రెండు పెట్టెల్లో సర్దాం. సుంకం తగ్గాలని వాటి విలువ కాగితం మీద పావు వంతే చూపించాను. ఆ కాగితం తయారుచేసింది నేను. పెట్టెలు మాత్రం మారప్ప పేరున పెట్టాను. పనివాడి సామాను అంటే పెద్దగా తవ్వరని ముందు వెళ్ళొచ్చిన వ్యాపారులు చెప్పారు. ఇంకొకటి కూడా చెప్పారు. పాస్‌పోర్టులో నోటు మడిచి పెట్టి ఇవ్వాలి, నోరు మెదపకూడదు, తీసుకునేవాడు తీసుకుంటాడు. మన ఊళ్ళో ఏ ఆఫీసులో లేదు ఈ మామూలు? నాకు వింతగా అనిపించలేదు. విమానం దిగాక నోటు మడిచి పాస్‌పోర్టులో పెట్టాను. నాదాంట్లో కాదు. అతనిదాంట్లో. పెట్టెలు అతని పేరున ఉన్నాయి కాబట్టి అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకోవాలని ఉంది.

సుంకం బల్ల దగ్గర ఆ వ్యాపారులు చెప్పిన మనిషి ఆ రోజు లేడు. కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకామె ఉంది. పాస్‌పోర్టు తెరిచింది. నోటు జారి బల్ల మీద పడింది. ఆమె దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, హాల్లో అందరికీ కనబడేలా పట్టుకుంది. ఎవరు పెట్టారు ఇది అని ఇంగ్లీషులో అడిగింది. మారప్పకి ఇంగ్లీషు రాదు. అతను నా మొహం చూశాడు.

మా వెనక వరసలో తిరునెల్వేలి వ్యాపారి ఒకతను ఉన్నాడు. విమానంలో తమిళంలో బోలెడు కబుర్లు చెప్పాడు. తమిళంలో ఏమన్నా అతనికి తెలిసిపోతుంది. అందుకని నేను తెలుగులో మాట్లాడాను. ముప్పై ఏళ్ళలో మారప్పతో నా మొదటి తెలుగు మాట అదే.

"తమ్ముడా, నువ్వే పెట్టితినని చెప్పు. నేను పెట్టితినంటే ఇద్దర్నీ లోపల ఏస్తారు. నేను బయట ఉండానంటే సాయంత్రానికి నిన్ను ఇడిపించుకుంటాను."

అతను నన్ను చూశాడు. భయం కాదు ఆ చూపులో. ఆశ్చర్యం. నేను తమ్ముడా అన్నానని.

"సరేన్నా," అన్నాడు.

నేను ఆమెతో ఇంగ్లీషులో చెప్పాను. పల్లెటూరి మనిషి, తెలియక పెట్టాడు, నాకు ఇప్పుడే తెలిసింది అని. నా ఇంగ్లీషు బాగుంటుందని మా బంధువుల్లో పేరు. ఆ రోజు ఇంకా బాగుంది. మారప్పని ఒక పచ్చ తలుపులోంచి లోపలికి తీసుకెళ్ళారు. పోతూ పోతూ వెనక్కి తిరిగాడు.

"పెట్టెలు పత్రమన్నా," అన్నాడు. జాగ్రత్త అని.

సాయంత్రానికి అన్నాను కదా. నాలుగు రోజులైంది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ ఆఫీసు బయట నిలబడేవాణ్ణి. కాపలావాడు లోపలికి వదలడానికి ఒక నోటు, గుమాస్తా నా మాట వినడానికి ఒకటి, ఫైలు వెతకడానికి ఒకటి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, అక్కడ దేవుడు ఏ గదిలో ఉన్నాడో కూడా తెలియదు. రేపు రా అంటారు. వెళ్తే, నిన్న వచ్చి ఉండాల్సింది అంటారు. ఊళ్ళో నేను వస్తుంటే లేచి నిలబడే మనుషులున్నారు. అక్కడ బెంచీ మీద చోటిచ్చేవాడు లేడు. లోపల మారప్ప ఏం తింటున్నాడో, ఏ భాషలో నీళ్ళడుగుతున్నాడో అనుకుంటూ ఆ గోడ వైపే చూసేవాణ్ణి. ఏడ్చాను కూడా. అది అబద్ధం కాదు. ఇదంతా నిజమే కావడం వల్లే తర్వాతి అబద్ధం అంత బాగా అతికింది.

ఐదో రోజు ఒక పెద్ద అధికారి నన్ను గదిలోకి పిలిచాడు. మెత్తటి గొంతు. టీ తెప్పించాడు. నా మనిషి తప్పు ఒప్పుకున్నాడని, కాబట్టి దారి ఉందని అన్నాడు. రెండు ధరలు చెప్పాడు. ఒకటి మనిషికి. మనిషి బయటికొస్తాడు, వెనక్కి పంపేస్తారు, పాస్‌పోర్టులో ముద్ర పడుతుంది, లంచం ఇవ్వబోయాడని రాస్తారు. రెండోది మనిషికీ కాగితానికీ కలిపి. ఫైలు ఉండదు, ముద్ర ఉండదు, ఏమీ జరగనట్టే. రెండోది ఎక్కువే. కానీ ఆ రైతు ముందు రోజే బిగింపు పనికి నాకు అడ్వాన్సు ఇచ్చాడు. నా దగ్గర ఉంది. ఈ మాట మళ్ళీ రాస్తాను. నా దగ్గర ఉంది.

టీ తాగుతూ కూర్చున్నాను. ఆయన తొందరపెట్టలేదు.

ఏమనుకున్నాను ఆ కాసేపూ? అనవసరపు ఖర్చు అనుకున్నానా? ఈ దొంగల నోట్లో ఇంకెంత పోయాలి అనుకున్నానా? అవి అనుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నిజం అది కాదు. సింగపూరు గుర్తొచ్చింది. ఆ ముద్ర ఉన్న పాస్‌పోర్టు చూసి ఏ దేశమూ అతన్ని పనికి రానివ్వదని, ఆ స్క్రూడ్రైవర్ ఇక ఎక్కడికీ పోదని, వేడి టీ గొంతులో దిగుతుండగా, స్పష్టంగా, చల్లగా, పంపుకి ధర కట్టినట్టే ఆలోచించాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ ఐదు రోజుల్లో నా చేతిలో ఉన్నది అదొక్కటే. మిగతా అన్నిటిలో నేను నిస్సహాయుణ్ణి. అందులో కాదు.

మొదటి ధర ఇచ్చాను.

బయటికి వచ్చినప్పుడు మారప్ప సగమైపోయాడు. నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. నేనన్నాను, "ముద్ర ఏయొద్దని కాళ్ళు పట్టుకుంటిని తమ్ముడా. ఎంత చెప్పినా ఇనలేదు." అతను నన్నే ఓదార్చాడు. "పోతే పోనీయన్నా. నువ్వు లేకపోతే నేను ఆడనే చచ్చిపోయుంటాను" అన్నాడు.

సింగపూరు ఏజెంటు ఆ పేజీ చూసి పాస్‌పోర్టు చేతికి తిరిగి ఇచ్చేశాడట. ఆ మర్నాడే మారప్ప వర్క్‌షాపుకి వచ్చి, చొక్కా మేకుకి తగిలించి పనిలో దిగాడు. నాకు జాలి వేసింది. సంతోషమూ వేసింది. సంతోషమే ఎక్కువ. ఛీ అనుకుంటున్నారా? అనుకోండి. నేను అప్పుడు అనుకోలేదు.

ఇప్పుడు మాకు మూడు షెడ్లు. అతను ఫోర్‌మన్. అందరి ముందూ అన్నా అంటాడు, తెలుగులోనే మాట్లాడతాడు. మా బంధువులు మొహం చిట్లిస్తే, ఎంత మంచి మనసో నాకు అని వాళ్ళే మళ్ళీ సర్దుకుంటారు. ఏటా కారమడై తేరుకి వెళ్ళి, నా పేరున అర్చన చేయించి ప్రసాదం తెస్తాడు. కొత్తగా చేరినవాళ్ళకి ఆ ఐదు రోజుల కథ చెబుతాడు. వేరే ఎవరైనా అయితే వదిలేసి విమానమెక్కేవాళ్ళు, అన్న ఎండలో నిలబడ్డాడు అంటాడు. నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ ఆఫీసు గదిలోకి జారుకుంటాను. చెప్పాలని ఎన్నిసార్లు అనుకోలేదు! రేపు, రేపు అనుకున్నాను. అక్కడి గుమాస్తా మాటే నాకూ అలవాటైంది.

పోయిన ఆదివారం మారప్ప కూతుర్ని తీసుకుని ఇంటికి వచ్చాడు. నర్సు చదివింది. గల్ఫులో ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. వచ్చే బుధవారం ప్రయాణం.

"ఎయిర్‌పోర్టులో ఎట్ల నడుచుకోవల్లో నువ్వే చెప్పన్నా. మా వంశంలో తెలిసినోళ్ళు ఇంకెవరుండారు?" అన్నాడు.

చెప్పాను. పాస్‌పోర్టులో ఏమీ పెట్టొద్దమ్మా, ఎవరిచ్చినా పెట్టొద్దు. వేరేవాళ్ళ సామాను నీ పేరున ఎక్కించొద్దు. నువ్వు చెయ్యనిది చేశానని చెప్పొద్దు, ఎంత కావలసినవాళ్ళు అడిగినా సరే. మారప్ప తలూపుతున్నాడు. బాగా విను అని కూతురికి సైగ చేస్తున్నాడు.

ఆ పిల్ల అంతా విని, నెమ్మదిగా ఒకటి అడిగింది. "మా నాయన పేరున ఆడ రాసిండేది నాకేమైనా అడ్డం వస్తుందా పెదనాయనా?"

పెదనాయన. తండ్రికి అన్న.

"రాదమ్మా," అన్నాను. వస్తుందో రాదో నాకు తెలియదు. ఎవరిని అడగాలో కూడా తెలియదు. అడిగితే ఎందుకని అడుగుతారు. తండ్రి పేరు రాసే ప్రతి కాగితం దగ్గరా ఆ పిల్ల ఇదే ప్రశ్న వేసుకుంటుంది కాబోలు. ఆ రోజు నేను టీ తాగుతున్నప్పుడు ఆమెకి పదేళ్ళుంటాయి. ఆమె లెక్కలోకే రాలేదు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎవరికి చెబితే పోతుందో సామెతలో లేదు. మీకు చెప్పాను. చెప్పాల్సినవాడికి ఈ అక్షరాలు రావు, ఆ ధైర్యంతోనే ఇంత రాశాను. రాశాక నిజంగానే కొంచెం ఊపిరాడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది.

బుధవారం పొద్దున్న వాళ్ళని విమానాశ్రయానికి నా కారులోనే తీసుకెళ్ళాలి. మారప్ప అడిగాడు, సరేనన్నాను. పిల్ల లోపలికి వెళ్ళేదాకా గాజు తలుపు బయట మేమిద్దరం నిలబడాలి. ఆ తలుపు దాటి విమానమెక్కడం అతనికి ఇక లేదు. ముద్ర పడిన ఆ పేజీ ఇంకా అతని బీరువాలోనే ఉంది.