ముందు పెద్దవాడిది కానీ

మా ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఎక్కడా రాసిలేని రూలొకటి ఉంది. ఒకే గైడ్ కింద ఇద్దరు పీహెచ్‌డీ చేస్తుంటే, ముందు చేరినవాళ్ళే ముందు థీసిస్ ఇవ్వాలి. తర్వాత చేరినవాళ్ళది పూర్తయినా సరే, బైండింగ్ చేయించుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. అలా కూర్చున్నదాన్ని నేను.

పరవాడ చుట్టుపక్కల పొలం పనులు మానేసి మందుల ఫ్యాక్టరీలకు వెళ్తున్న ఆడవాళ్ళ మీద నా థీసిస్. ఎండలో ఊళ్ళన్నీ తిరిగాను, రాశాను, దిద్దాను, కాపీ కొట్టలేదని చెక్ కూడా చేయించాను. మిగిలింది మా గైడ్ సార్ సంతకం. ఆయన ముందు నేను నోరు తెరిచేలోపే చెయ్యి ఊపారు.

"కంగారెందుకమ్మా? ముందు పెద్దవాడిది కానీ. నీది ముందు వెళ్ళిపోతే అతను బాధపడతాడు కదా!"

పెద్దవాడంటే మా సీనియర్. నేను అన్నయ్యా అని పిలుస్తాను. పోర్టు సరుకు రవాణా మీద ఆయన రీసెర్చ్. నేను ఎంఏలో చేరినప్పుడు ఆయనకు చివరి చాప్టర్ మిగిలి ఉందని విన్నాను. నా ఎంఏ అయిపోయింది, పీహెచ్‌డీ అయిపోవచ్చింది, ఆ చివరి చాప్టర్ మాత్రం అలాగే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదే సార్ క్లాసులో, ఒక పని ఆగితే దాని వెనక ఎన్ని పనులు ఆగి నష్టపోతాయో బోర్డంతా గీతలు గీసి చెబుతారు. ఎంత బాగా చెబుతారంటే, బయటికి వచ్చాక కూడా బుర్రలో తిరుగుతూనే ఉంటుంది.

నా తొందరకు కారణం ఉంది. సబ్బవరం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్ పోస్టు ఖాళీ అయింది. మా ఇంటి నుంచి ఒక్క బస్సు. నా డెమో క్లాసు విని ప్రిన్సిపల్ మేడమ్ నచ్చిందన్నారు. "క్లాసులు మొదలయ్యేలోపు థీసిస్ ఇచ్చేసినట్టు చూపించమ్మా, పోస్టు నీదే," అన్నారు. అమ్మ అప్పుడే వీధిలో సగం మందికి చెప్పేసింది.

ఇక లాభం లేదని ఒక ఆదివారం తగరపువలస బస్సెక్కాను. అన్నయ్య అక్కడే ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతారు. ఆ చాప్టర్ రాయించకుండా కదలకూడదని, అవసరమైతే పక్కన కూర్చుని టైపు కూడా చేసిపెట్టాలని నిశ్చయించుకునే వెళ్ళాను. వదిన టీ ఇచ్చింది. అన్నయ్య తీరిగ్గా కుర్చీ లాక్కున్నారు.

"ఆ సాప్టరా సెల్లీ? అదెప్పుడో రాసీసినాను. సార్‌కి ఇచ్చీసి ఏడాది దాటిపోనాది."

"మరి?"

"సార్ సదువుతన్నారు కదా."

"ఏడాదిగానా? మీరు అడగలేదా?"

ఆయన నన్ను చూసిన చూపు, నేనేదో బూతు మాట అన్నట్టుంది. "సార్‌ని ఎలాగడుగుతాం? సదివినారా లేదా అని మనం గుర్తు సేస్తే బాగుంటాదేటి? సదివినాక ఆయనే పిలుత్తారు. నాను కాసుకోని ఉన్నాను."

వదిన లోపలి నుంచే, "నానూ అదే సెప్తన్నాను, ఓపాలి అడగమని, ఇంటేనా!" అంది.

టీ చల్లారిపోయింది. తిట్టడానికి వెళ్ళినదాన్ని, ఎవర్ని తిట్టాలో తెలియక తిరుగు బస్సెక్కాను.

మర్నాడు సార్ గదికి వెళ్ళాను. గురువుగారికి గుర్తుచేయకూడదన్న మర్యాదను గుమ్మం బయటే వదిలేసి అడిగేశాను. "సార్, అన్నయ్య చివరి చాప్టర్ మీ దగ్గరుందట కదా?"

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పోర్టు చాప్టరా? చదివేశానమ్మా. బ్రహ్మాండంగా రాశాడు. చెప్పలేదా నేను?"

"చెప్పలేదు సార్."

"మరి అతనూ అడగలేదే! ఇంకా ఏవో మార్పులు చేసుకుంటున్నాడేమో, అడిగితే చిన్నబుచ్చుకుంటాడని నేనూ ఊరుకున్నాను."

వీళ్ళ మర్యాదలు తగలెయ్య! ఒకరు నొచ్చుకుంటారని ఇంకొకరు నోరు మూసుకుని కూర్చుంటే, ఆ ఇద్దరి మర్యాద కింద నలిగింది నేను. వరండాలోకి వచ్చి అన్నయ్యకు ఫోన్ చేశాను. కోప్పడతారనుకున్నాను. కోపమా!

"బాగుందన్నారా? నిజంగా సారే అన్నారా సెల్లీ? ఏటన్నారో మళ్ళీ ఒకసారి సెప్పు."

మళ్ళీ చెప్పాను. పాపం అనిపించింది, నిజమే. ఆ పాపం అనిపించడం మరుసటి మాట దాకానే నిలిచింది.

"అయితే ఆషాఢం ఎల్లనీ. మంచి రోజు సూసి ఇచ్చీద్దాం."

బతిమాలాను. మన ఇద్దరివీ ఒకే రోజు ఇద్దామన్నాను. నా ఉద్యోగం సంగతి చెప్పాను. "శ్రావణం ఎంతలోకి వస్తాది సెల్లీ," అన్నారు. సార్ దగ్గరికి పరుగెత్తితే, "అంతకాలం ఆగినవాడు, మంచి రోజు చూసుకోనీ అమ్మా," అన్నారు. ఆషాఢంలోనే కాలేజీ తెరిచారు. ప్రిన్సిపల్ మేడమ్ ఫోన్ చేసి, పాపం ఆవిడే నొచ్చుకుంటూ, వేరే అమ్మాయిని తీసుకున్నామని చెప్పారు. అమ్మకు చెప్పడానికి నాకు సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు.

శ్రావణంలో అన్నయ్య థీసిస్ ఇచ్చారు. వదిన పట్టుచీర కట్టుకుని వచ్చింది. సార్ గదిలో అందరికీ లడ్డూలు పంచారు. సార్ ఒకటి తీసుకుని, అప్పుడే నన్ను చూసినట్టు ఇటు తిరిగారు.

"నీదీ ఎప్పుడో అయిపోయింది కదమ్మా? ఇన్నాళ్ళూ ఎందుకు ఆపావు?"

ఇన్నేళ్ళూ సార్ ముందు పుస్తకంలోలాగా మాట్లాడినదాన్ని. ఆ రోజు మా ఇంటి మాటే వచ్చేసింది.

"మీరు ఆగమన్నారు సార్, అందుకే ఆగినాను. ముందు పెద్దోడిది కానీ అన్నది మీరు కాదేటి?"

గదిలో ఎవరూ లడ్డూ నమలడం లేదు. సార్ నిజంగానే ఆశ్చర్యపోయారు. అబద్ధమాడే మనిషి కాదాయన, మరిచిపోయారు, అంతే. అన్నయ్య వైపు తిరిగి అడిగారు.

"నేనలా అన్నానా?"

అన్నయ్యకు అంతా తెలుసు. ఆషాఢమంతా ఫోన్‌లో ఏడ్చి చెప్పుకున్నాను ఆయనకే. ఆయన నా వైపు చూడకుండా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"లేదు సార్. మీరు అలాగెందుకంటారు?"