మస్తానన్న దాచుకున్న చీటీలు

1984లో నేను నరసరావుపేటలో ఒక డాక్టరుగారి నర్సింగ్‌హోమ్‌లో లేబ్ టెక్నీషియన్‌ని. లేబ్ అంటే మెట్ల కింద ఒక గది, ఒక బల్ల, స్పిరిట్ దీపం. అప్పట్లో షుగర్ ఎక్కువగా మూత్రంలోనే చూసేవాళ్లం. బెనెడిక్ట్ సొల్యూషన్ అనే నీలం మందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగించాలి. చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది. ఉన్నకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు. రంగు పట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

బస్టాండు దగ్గర బత్తాయి రసం బండి నడిపే మస్తానన్నకు షుగర్. మాత్ర వేసుకుంటే మధ్యాహ్నానికి చేతులు వణుకుతున్నాయని, కత్తి నిలవడం లేదని గొణిగేవాడు. బత్తాయి తొక్క షుగర్‌కి మంచిదని వినుకొండ బస్సు కోసం నిలబడ్డ ఎవరో ఆయనకు చెప్పారట. తొక్కలకు ఆయన దగ్గరేం కొదవ? రోజూ బుట్టెడు గేదెలకు పోయేవి. వాటిని డాబా మీద ఎండబెట్టి, దంచి, చెంచాడు పొడి మజ్జిగలో కలుపుకుని తాగడం మొదలుపెట్టాడు.

వారానికోసారి బండి తెరిచే ముందు, పొద్దున్నే సీసా తెచ్చిచ్చేవాడు. మొదటి వారం నీలం. తర్వాతి వారాలూ నీలమే. చక్కెర లేదని చెప్పడానికి చీటీ మీద ‘నిల్’ అని రాసిచ్చేదాన్ని. నాకూ సంబరంగానే ఉండేది. పారేసే తొక్క ఇంత పని చేస్తోందా అని నేనే నలుగురికి చెప్పాను.

రెండు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం భోజనం చేసి, కుంటుకుంటూ వచ్చాడు. కొత్త చెప్పు ఒరుసుకున్న చోట కాలి వేలు నల్లబడింది. వాసన కూడా వస్తోంది. డాక్టరుగారు వెంటనే పరీక్ష చేయమన్నారు. గొట్టంలో ఇటుక రంగు తేలింది. మందు చెడిపోయిందనుకుని కొత్త సీసా తెరిచి మళ్లీ చేశాను. మళ్లీ ఇటుకే.

మాత్ర వేసుకుంటున్నావా అని డాక్టరుగారు అడిగితే, మానేశానన్నాడు మస్తానన్న. జేబులోంచి నా చీటీలన్నీ తీసి బల్ల మీద పెట్టాడు.

డాక్టరుగారు వాటిని తిరగేసి నా వైపు చూశారు. "ఇవన్నీ ఏ పూటవమ్మా?"

అన్నీ పరగడుపువే. తిన్నాక పెరిగి మూత్రంలోకి దిగే చక్కెర, రాత్రంతా ఏమీ తినకపోతే తెల్లారేసరికి కనిపించకుండా పోవచ్చు. ఆ సంగతి నేను చదువుకున్నదే. కానీ ఎప్పుడు తిన్నారని ఆయన్ని ఒక్కసారీ అడగలేదు.

ఆ వేలు తీసేయాల్సి వచ్చింది. మాత్ర వేసుకున్నాక చక్కెర మరీ పడిపోయి చేతులు వణక్కుండా, డాక్టరుగారు మోతాదు తగ్గించి, మధ్యలో ఏదైనా తినమన్నారు. తొక్క సంగతి అడిగితే, అందులో గుణం ఉండొచ్చు, లేకపోవచ్చు, తనకు తెలియదన్నారు. తాగాలనుంటే మాత్రతో పాటే తాగమన్నారు, మాత్ర బదులు మాత్రం వద్దన్నారు. ఇప్పుడు తొక్కల మీద పరిశోధనలు జరుగుతున్నాయని పత్రికల్లో చదువుతుంటాను. నాకు తెలిసింది మాత్రం ఆ రోజు డాక్టరుగారు అన్నదే.

కట్టు మార్చే రోజు మస్తానన్న దగ్గరికెళ్లి, తొక్కను నమ్మి మాత్ర మానేస్తారా అని మందలించబోయాను. ఆయన కోపంగా కూడా అనలేదు.

"తొక్కని నమ్మి మానలేదమ్మా. నువ్వు చీటీ రాసిచ్చావే, దాన్ని నమ్మి మానా."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆ తర్వాత ఆయన వారానికి రెండు సీసాలు తెచ్చేవాడు, తిన్నాక పట్టినదానికి ఎర్రదారం కట్టి. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను కూడా, ఎంత తెలిసినవాళ్లయినా, ఎప్పుడు తిన్నారో అడిగి చీటీ మీద రాసుకున్నాకే దీపం వెలిగించాను.