వానలో తడిసిన ఖనిజం

వేణుగోపాల్ పనిచేసే సరుకు ఓడ 1999 వానాకాలంలో కనబడకుండా పోయింది. తూర్పు తీరంలోని ఒక రేవులో ఇనుప ఖనిజం నింపుకుని చైనాకు బయల్దేరిన ఓడ అది. మర్నాడు పొద్దున వైర్‌లెస్‌లో అంతా బాగుందని చెప్పింది. ఆ తర్వాత పలకలేదు. వెతకడానికి వెళ్లినవాళ్లకు నీళ్ల మీద నూనె తెట్టు, ఒక ఖాళీ లైఫ్ జాకెట్ తప్ప ఏమీ దొరకలేదు.

ప్రత్తిపాడు పక్క పల్లెలో వేణుగోపాల్ భార్య కోటిరత్నం, తల్లి బసవమ్మ మిరప చేను చూసుకుంటూ ఉండేవారు. అతను గుంటూరులో ఐటీఐ చదివి ఓడలో ఫిట్టరుగా చేరాడు. కంపెనీ మనిషి ఫోనులో చెప్పింది ఒకటే మాట: "ఓడ మిస్సయిందండి." మునిగిందని అనలేదు, మనిషి పోయాడనీ అనలేదు. ఆ మాట ఆ ఇంట్లో తిష్ఠ వేసుకుని కూర్చుంది.

ఊళ్లో తలా ఒక కథ చెప్పారు. ఎక్కడో సముద్రంలో మూడు మూలల చోటొకటి ఉందట, దాని మీదుగా పోయే ఓడలూ విమానాలూ మాయమైపోతాయట అని వారపత్రిక చదివినాయన చెప్పాడు. దొంగలు ఓడకు రంగు మార్చి అమ్ముకున్నారని, పనివాళ్లను ఏదో దీవిలో కట్టేశారని ఇంకొకాయన చెప్పాడు. సత్తెనపల్లి జ్యోతిష్కుడు గవ్వలు వేసి, ఈశాన్య దిక్కున బతికే ఉన్నాడన్నాడు. ప్రతి కథా వేణుగోపాల్‌ని ఎక్కడో ఒకచోట బతికించి, అక్కడ బాధపెట్టేది. దీవి సంగతి విన్న రోజు బసవమ్మ అన్నం ముట్టలేదు.

"వాడు ఆకలికి ఆగలేడే రత్నం," అంది.

కోటిరత్నాన్ని పేరంటానికి పిలవాలో వద్దో తెలియక ఇరుగుపొరుగు ఇబ్బంది పడేవారు. వాళ్ల ఇబ్బంది చూడలేక ఆమే వెళ్లడం మానుకుంది.

అలా ఏడాదిన్నర గడిచాక, మిరప కోతల కాలంలో ఆదాం వచ్చాడు. చీరాల పక్క వాడరేవు మనిషి. ఓడల్లో సరంగు, అంటే డెక్కు మీద పనివాళ్లకు పెద్ద. వేణుగోపాల్‌తో కలిసి పనిచేస్తూ, పచ్చకామెర్లు వచ్చి, ఆ ఆఖరి ప్రయాణానికి ముందే రేవులో దిగిపోయాడు. కోలుకుని ఇంకో ఓడెక్కి, తిరిగి వచ్చాక ఏజెంటు దగ్గర ఊరు కనుక్కుని వెతుక్కుంటూ వచ్చాడు. కళ్లంలో ఎండబోసిన కాయల పక్కన గోనె మీద కూర్చున్నాడు.

"అమ్మా, నేను కళ్లతో చూడలేదు, చూసినట్టు చెప్పను. కానీ ఏం జరిగుంటుందో నాకు తెలుసు. వినాలని ఉంటే చెబుతాను. వద్దంటే మంచినీళ్లు తాగి పోతాను."

"చెప్పు నాయనా," అంది బసవమ్మ. "ఇప్పటిదాకా చూడనివాళ్లు చూసినట్టే చెప్పారు."

ఆదాం ఒక స్టీలు డబ్బా అడిగాడు. చేను పక్క బోదెకాలవలోంచి మెత్తని ఒండ్రు తీసి, డబ్బాలో గట్టిగా అదిమి, పక్కకు వంచి చూపించాడు. ఒండ్రు కదల్లేదు. తర్వాత డబ్బా అడుగున అరచేత్తో తడుతూ కూర్చున్నాడు. కాసేపటికి పైన నీళ్లు తేలాయి. మళ్లీ వంచాడు. ఈసారి ఒండ్రంతా జావలా ఒక పక్కకు జారిపోయింది.

"ఆ ఓడలో నింపింది ఖనిజం పొడి. రేవులో గుట్టలుగా పోసి ఉంటుంది, వానకి తడుస్తుంది. పైన ఆరినట్టే కనబడుతుంది. సముద్రంలోకి వెళ్లాక ఇంజను అదురు, అలల ఊపు ఆగవు కదమ్మా. లోపలంతా ఇట్టా అవుతుంది. ఆ బరువు ఒక పక్కకి జారితే ఓడ ఇంక లేవదు."

"అంతమందిలో ఒక్కరన్నా కేక పెట్టలేదా అన్నా? వైర్‌లెస్సుందిగా?" అంది కోటిరత్నం.

"దాని దాకా వెళ్లే టైముండదు చెల్లెమ్మా. కొన్ని నిమిషాల పని. ఆ వారమే అదే సరుకుతో పోయిన ఇంకో ఓడ ఒరుగుతుంటే కెప్టెను వెనక్కి తిప్పేశాడు. సరుకు గదుల మూతలు తీస్తే లోపలంతా బురద."

కోటిరత్నం తమ నల్లరేగడి చేను వైపు చూసింది. వాన వెలిసిన మర్నాడు ఆరినట్టే ఉండి, అడుగేస్తే మోకాలి దాకా దిగే నేల. ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

బసవమ్మ డబ్బా దగ్గరికి లాక్కుంది. "అయితే మా వాణ్ణి ఎవరూ కట్టెయ్యలేదుగా?"

"లేదమ్మా."

"ఆకలితో లేడుగా?"

"లేడమ్మా. నాకు కామెర్లొస్తే జావ కాచి పోసింది మీ అబ్బాయే. ఆ రుణం నన్నిట్టా తీసుకొచ్చింది."

అప్పుడు ఏడ్చింది బసవమ్మ. ఏడాదిన్నరగా ఆగిన ఏడుపు అది. కోటిరత్నం కూడా ఆపుకోలేదు. ఆ పూట ఆదాంకి అన్నం వడ్డించి, వాళ్లిద్దరూ కూడా కడుపు నిండా తిన్నారు.

ఆ నెలలోనే సూర్యలంక తీరాన దర్భబొమ్మతో కర్మ చేయించారు. ఆదాం బసవమ్మను చెయ్యి పట్టుకుని నీళ్లలోకి నడిపించాడు. తిరిగి వచ్చాక బసవమ్మ కోడలి నుదుట తనే బొట్టు పెట్టి, "ఊరు ఏమన్నా నేను చూసుకుంటా," అంది. ఆ ఏడు నుంచి కాయలు గుంటూరు యార్డుకి కోటిరత్నమే తీసుకెళ్లింది. జ్యోతిష్కుడి గడప ఇద్దరూ మళ్లీ తొక్కలేదు.

2007 వానల్లో అలాంటి సరుకుతోనే ఇంకో ఓడ మాయమైంది. అందులో చీరాల నేతవాళ్ల కుర్రాడున్నాడు. ఆదాం ఆ ఇంటి నుంచి ఫోన్ చేసి, "నువ్వొస్తే బాగుంటుంది చెల్లెమ్మా, ఆడవాళ్లు నా ముందు మాట్లాడటంలేదు," అన్నాడు. కోటిరత్నం ఆ మధ్యాహ్నమే బస్సెక్కింది.

ఆ కుర్రాడి అక్క శిల్ప మగ్గం పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది. కోటిరత్నాన్ని చూసి చాప జరిపింది.

"మావాడు డ్యూటీలో నిద్రపోయుంటాడని, అందుకే మునిగిందని అంటున్నారండి. నిజమేనా?"

"కాదమ్మా. అంతా మెలకువగా ఉన్నా ఆగేది కాదు." కోటిరత్నం ఆమె పక్కన చాప మీద చేరి, తనకు తెలిసిందంతా నెమ్మదిగా చెప్పింది. తెలియనిది తెలియదనే చెప్పింది. శిల్ప మధ్యమధ్య ఆపి అడిగింది, అడిగిందే మళ్లీ అడిగింది. ప్రతిసారీ కోటిరత్నం మళ్లీ చెప్పింది.

చివరికి శిల్ప ముఖం తుడుచుకుని, "మీకెవరు చెప్పారండి ఇదంతా?" అంది.

"బయట అరుగు మీద కూర్చున్నాయనే. మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి చెప్పాడు. ఆయన రాకపోతే మా అత్తయ్య ఇప్పటికీ దీవుల్లో కొడుకుని వెతుక్కుంటూ ఉండేది."

శిల్ప లేచి వెళ్లి టీ పెట్టింది. మొదటి గ్లాసు అరుగు మీదికి తీసుకెళ్లి, ఆదాం చేతికిచ్చి, ఆయన తాగేదాకా అక్కడే నిలబడింది.