బీడీ కట్ట మీది జంట కోసం బోధన్ దాకా

ఊరు చూద్దామని బోధన్ వెళ్ళేవాళ్ళు తక్కువ. చక్కెర ఫ్యాక్టరీలో పని ఉండో, చెరకు బిల్లు కోసమో, పిల్లనిచ్చిన ఇంటికో వెళ్తారు. నేను బీడీ కట్ట మీద అంటించే కాగితం ముక్క కోసం వెళ్ళాను. హైదరాబాదు ఛత్తాబజారులో ఒక రాతి అచ్చు ప్రెస్సులో లేబుళ్ళకు బొమ్మలు గీయడం నా వృత్తి. పల్లెల్లో సరుకు పేరు చదివి కొనేవాళ్ళు ఎంతమంది? గుర్రం మార్కా సబ్బు ఇయ్యి, గులాబీ మార్కా అగరొత్తి ఇయ్యి అంటారు. ఆ గుర్రాలూ గులాబీలూ గీసి పొట్ట పోసుకుంటున్నాను. ఈ చలికాలం చివర్లో బోధన్ నుంచి ఒక కార్డు వచ్చింది. అక్కడ బీడీల కార్ఖానా నడిపే గంగారాం రాయించాడు. "లేబుల్ బొమ్మల ఆడమనిషిని తీసెయ్యాలె. మొగాయన ఒక్కడుంటె సాలు. మీరే వొచ్చి మాట్లాడి పోవాలె." ఎందుకో ఏమిటో ఒక్క ముక్క లేదు. చదివి నాకు ఒళ్ళు మండింది.

ఎందుకంటే నేను గీసిన వాటిలో నాకు నచ్చినవి నాలుగైదు ఉంటే అందులో అదొకటి. పదేళ్ళ క్రితం గంగారాం భార్యను వెంటబెట్టుకుని ప్రెస్సుకొచ్చి, సంచిలోంచి ఒక బిస్కట్ల డబ్బా మూత తీశాడు. ఫ్యాక్టరీ ఆఫీసర్ల క్లబ్బులో ఎవరో దొర పారేసిన డబ్బా అది. మూత మీద సూటు వేసుకున్న మగవాడు ఒక దొరసానిని నడుము దగ్గర పట్టుకుని వెనక్కు వంచి నాట్యమాడుతున్నాడు. ఆ నాట్యాన్ని టాంగో అంటారని మా ప్రెస్సు యజమాని చెప్పాడు. "గీ బొమ్మనే కావాలె సారూ. గని మనోళ్ళ తీర్గ ఉండాలె" అన్నాడు గంగారాం. ఎవరి ముఖాలు పెట్టమంటారని అడిగితే కాస్త సిగ్గుపడి, "మావే పెట్టు" అన్నాడు. అలా సూటు పోయి ధోవతీ, కోటూ, తలకు రుమాలూ వచ్చాయి. గౌను పోయి ఎర్రంచు ఆకుపచ్చ చీర వచ్చింది. ధోవతి కట్టుకుని టాంగో ఆడే మనిషి మా లేబుల్ మీద తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా ఉండడు. నా పెన్సిలు బొమ్మ చూసి ఆయన భార్య రుక్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "గిట్ల వంగితె నడుమిరుగుతది గదా. సారూ, నన్ను గట్టిగ పట్టుకున్నట్టు గీయి. ఇడిసిపెడితె పడిపోత" అంది. నేను గంగారాం వేళ్ళను ఇంకొంచెం బిగించి గీశాను.

అలాంటి బొమ్మలోంచి ఇప్పుడు ఆమెను తీసెయ్యమంటున్నాడు. గిరాకీ ఇచ్చే మనిషి మాట కాదనలేం కనుక బయలుదేరే ముందు మగవాణ్ణి ఒక్కణ్ణే గీసి చూశాను. రెండు చేతులూ చాపి వెర్రివాడిలా నిలబడ్డాడు. చేతుల్లో పూలబుట్ట పెడితే పెళ్ళింట్లో పనివాడిలా ఉన్నాడు, కోడిపుంజును పెడితే కోళ్ళ దొంగలా ఉన్నాడు. విసుగొచ్చి, ఖాళీ చేతుల బొమ్మనే చుట్టచుట్టి సంచిలో పెట్టుకున్నాను.

సికింద్రాబాదులో పొద్దున ఆరింటి తర్వాత బయలుదేరే ప్యాసింజరు ఎక్కాను. చిన్న పట్టాల బండి, మూడో తరగతి టికెట్టు నాలుగు రూపాయల లోపే. తొందర ఉన్నవాళ్ళు దీన్ని ఎక్కకూడదు. ప్రతి స్టేషన్‌లోనూ అత్తారింటికొచ్చిన అల్లుడిలా తీరిగ్గా కూర్చుంటుంది. కామారెడ్డి దాకా చూడ్డానికి రాతి గుండ్లూ, ఎండిన చెలక పొలాలూ తప్ప ఏమీ లేవు. పైన మబ్బు పట్టింది కానీ చినుకు లేదు, గాలి లేదు. కామారెడ్డిలో టీ బాగుంటుంది, అక్కడే తాగండి. నిజామాబాదులో దిగేసరికి పన్నెండు దాటింది. పసుపు కొమ్ములు గంజ్ మార్కెట్‌కు వచ్చే రోజులు కావడంతో బజారంతా ఆ ఘాటే, తుమ్మకుండా ఒక వీధి దాటలేకపోయాను. స్టేషన్ నుంచి బస్టాండుకు రిక్షా అక్కర్లేదు, నడవొచ్చు. బస్టాండు ఎదుటి హోటల్లో రూపాయికి రెండు రొట్టెలూ, పప్పూ, ఉల్లిగడ్డ ముక్కలూ పెట్టారు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు కాళ్ళ దగ్గర నా బొమ్మలు కనిపించాయి. కట్ట విప్పి పారేసిన లేబుళ్ళు, కొన్ని చిరిగి, కొన్ని ఉమ్మిలో తడిసి. లేబుళ్ళు గీసేవాడికి అది బాధ కాదు. నేల మీద ఎన్ని కనిపిస్తే సరుకు అంత పోతోందని లెక్క. నేనూ కాస్త గర్వంగానే వాటిని తొక్కుకుంటూ బస్సెక్కాను.

బోధన్‌కు జానకంపేట మీదుగా రైలు ఉంది కానీ దాన్ని నమ్ముకుంటే సగం రోజు ప్లాట్‌ఫారం మీదే గడుస్తుంది, బస్సే మేలు. దారి పొడవునా చెరకు బళ్ళు. ఎడ్లు తలలు వంచుకుని ఒకదాని వెనుక ఒకటి ఫ్యాక్టరీ వైపు పోతున్నాయి. బండివాళ్ళు గడల మీద పడుకుని నిద్రపోతున్నారు. ఎడపల్లి దాటగానే ఫ్యాక్టరీ మడ్డి వాసన మొదలవుతుంది. తియ్యగా ఉంటుందనుకుంటారేమో, పులిసిన కుడితి వాసన. ఊళ్ళో దిగేదాకా అది వదలలేదు.

మూడున్నరకు బోధన్‌లో దిగి జట్కా మాట్లాడుకున్నాను. బండాయన పేరు ఖాదర్, నడివయసు దాటిన మనిషి. గంగారాం సేటు కార్ఖానా అనగానే కళ్ళెం పట్టుకుని ఆగిపోయాడు.

"పలకరించనీకొచ్చిన్రా సాబ్?"

"ఎవర్ని?"

"అయ్యో, ఎరుక లేదా? సేటు ఇంటామె పోయింది గదా, దీపావళి తెల్లారి. కడుపుల నొప్పన్నరు. నా బండిలనే బస్టాండ్‌కు తోలుకపోయిన, నిజామాబాద్ దవాఖానకు పోనీకి. మల్ల నా బండిల తిరిగి రాలే."

గుర్రం నడక మొదలుపెట్టింది. ఖాదర్ వెనక్కు తిరగకుండానే చెప్పుకుపోయాడు. "సేటు దిమాక్ ఖరాబైందంటున్రు సాబ్. రోజు పొద్దుగాల బస్టాండ్ కాడ, కల్లు దుకాన్ కాడ కింద పడ్డ కాగితాలు ఏరుతడు. పిలగాండ్లు ఎంటవడి నవ్వుతరు. నేనైతె నవ్వ. గా కాగితాల మీద ఎవరున్నరో నాకెరుకే."

 మధ్యాహ్నం నా చెప్పుల కింద పడ్డవి గుర్తొచ్చాయి. సంచిలో ఉన్న బొమ్మ గుర్తొచ్చింది, కోడిపుంజు పెట్టి చూసుకున్న నవ్వులాటా గుర్తొచ్చింది. బండి దిగి వచ్చిన దారినే పోవాలనిపించింది. కానీ అప్పటికే కార్ఖానా వచ్చేసింది.

పెంకుల కప్పు కింద పొడుగాటి సాల. ఇళ్ళ దగ్గర బీడీలు చుట్టే ఆడవాళ్ళు చాటల్లో పోసి తెచ్చి అప్పజెప్పి, మర్నాటికి తునికాకు, తంబాకు తీసుకుపోతున్నారు. ఒక మూల నేల మీద కూర్చుని కొందరు కట్టలకు లేబుళ్ళు అంటిస్తున్నారు. గంగారాం నన్ను చూసి లేచాడు. పదేళ్ళలో మనిషి సగమయ్యాడు. నేను బొమ్మలో గీసిన కోటే ఇప్పుడు ఆయన ఒంటి మీద వేలాడుతోంది. నేను ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టి, టీ తెప్పించి, తాగేదాకా కూర్చుని, అప్పుడు వెనక గదిలోకి తీసుకుపోయాడు. గదిలో గోనెసంచులు, మూతులు కట్టనివి. నిండా లేబుళ్ళే. మట్టి కొట్టుకున్నవి, మడతలు పడ్డవి, టైరు అచ్చులు పడ్డవి.

"బురదల ఆమె ముఖం మీద కాలేసి పోతున్రు సారూ. ఆళ్ళ తప్పేం లేదు. నేనే అంటిచ్చి అమ్మిన గదా" అన్నాడు. ఒక గోనెసంచిలో చెయ్యి పెట్టి, "కాలబెడ్దామనుకున్న. ఒకసారి ఆమెను కాల్చిన, గోదారి ఒడ్డున. మల్ల నాతోని కాదు" అన్నాడు.

నేను సంచిలోంచి బొమ్మ తీసి ఇచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. అప్పుడే చాట దించి చెమట తుడుచుకుంటూ సాయవ్వ అనే పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది. కార్ఖానా మొదలైన నాటి నుంచీ బీడీలు చుడుతున్న మనిషట. బొమ్మ మీదికి వంగి, "మా రుక్మవ్వ యాడ వాయె?" అంది.

గంగారాం బొమ్మను తన వైపుకు తిప్పుకున్నాడు.

"గంగారామన్నా, నీ దుఃఖం నాకెరుక లేదా? ఆమెకు తానం పోసింది నేనే. గని మొన్న బొమ్మ లేకుంట ఉత్త అక్షరాల కాగితం అంటిచ్చి బాల్కొండకు పెట్టె తోలితివి. ఏమాయె? పోచంపాడు డ్యాం కాడ పనిజేసేటోళ్ళు యాడెక్కడి నుంచో వచ్చిన్రు, ఆళ్ళకు సదువొస్తదా? గిది నకిలీ అని వాపస్ జేసిన్రు. ముప్కాల్ దుకాన్‌ల గూడ గంతే. నెలదినాలు మాకు ఆకియ్యలే నువ్వు. మా ఇండ్లల్ల పొయ్యి ఎట్ల ముట్టిచ్చుకున్నమో అడిగినవా?" గొంతు పెద్దది చేయలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఆమె బొమ్మ జూసే కొంటున్రు. గా బొమ్మ మీదనే మేం బతుకుతున్నం" అంది.

నేను మధ్యలో దిష్టిబొమ్మలా నిలబడ్డాను. ఆవిడ మాట నిజం, ఆయన బాధా నిజం. బొమ్మ మారితే ఆ చాటలన్నీ ఖాళీ, మారకపోతే ఈ మనిషి రోజూ బురదలోంచి భార్యను ఏరుకోవాలి. మార్కా అంటే సరుకు అమ్ముకునే ఉపాయమని ఇన్నేళ్ళూ అనుకున్నాను. అది ఇలా మనుషుల పీకల మీదికి వస్తుందని ఎప్పుడూ ఆలోచించలేదు.

గంగారాం బొమ్మలోని ఖాళీ చేతుల మీద వేలు పెట్టాడు. "గట్టిగ పట్టుకొమ్మన్నది. ఇడిసిపెడితె పడిపోత అన్నది. యాదికున్నదా సారూ?" అన్నాడు.

ఉందన్నాను.

"ఇడిసిపెట్టను. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండనీ. చీర గదే, రంగు గదే. ముఖం ఒక్కటి అటు దిప్పు. నా దిక్కు. జనం దిక్కు వద్దు."

అక్కడే చాట బోర్లించి దాని మీద కాగితం పరిచి గీశాను. ఒంపు మార్చలేదు, చేతులు మార్చలేదు. ముఖం ఉన్న చోట వెనక్కు వాలిన కొప్పు, ఒక చెవి, మెడ. సాయవ్వ దూరంగా జరిగి, కళ్ళు చికిలించి చూసి, "ఆనవాలు పడతరు" అంది.  గంగారాం తల ఊపాడు.

ఆరింటి బస్సుకు నన్ను సాగనంపడానికి ఖాదర్ బండిలోనే ఆయనా వచ్చాడు. దారిలో అడిగాడు. "మరి పాత రాయి ఏం జేస్తరు సారూ?"

మా పనిలో బొమ్మను నున్నటి రాతి మీద గీసి అచ్చు తీస్తాం. పని అయిపోయాక ఇసుక చల్లి, నీళ్ళు పోసి, ఇంకో రాయితో రుద్దుతాం. పాత బొమ్మ చెరిగిపోతుంది, ఆ రాయి కొత్త బొమ్మకు పనికొస్తుంది. అదే చెప్పాను.

"గా నీళ్ళు యాడ పోతయి?"

"మురికి మోరీలోకి."

 బస్టాండు వచ్చాక, నేను దిగుతుంటే గంగారాం నా చెయ్యి పట్టుకున్నాడు. "మోరీల పొయ్యకు సారూ" అన్నాడు. అంతే. తర్వాత వంగి, బండి చక్రం పక్కన పడి ఉన్న ఒక లేబుల్ తీసి, మట్టి దులిపి, కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి నిజామాబాదు స్టేషన్ పక్క లాడ్జిలో మూడు రూపాయలకు గది తీసుకున్నాను. నల్లులున్నాయి, దుప్పటి మీరే తెచ్చుకోండి. తెల్లారి బండికి హైదరాబాదు చేరాను. మరుసటి వారం రుక్మవ్వ ముఖమున్న రాయిని మా పనివాళ్ళకివ్వకుండా నేనే రుద్దాను. ముందు నవ్వు పోయింది, తర్వాత కళ్ళు పోయాయి. నీళ్ళు బూడిద రంగులో కిందికి దిగితే తొట్టిలో పట్టి, ప్రెస్సు వెనక దానిమ్మ చెట్టు మొదట్లో పోశాను. మా యజమాని చూసి నాకూ దిమాగు ఖరాబైందనుకున్నాడు. అనుకోనీ. నాకు ఏడుపొచ్చింది, ఆ మాట దాచుకోను. బోధన్ చూడదగ్గ ఊరేనా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు. చక్కెర చేసే ఊరి నుంచి ఇంత చేదు వెంటబెట్టుకుని వస్తానని మాత్రం అనుకోలేదు.

ఆ వైపు వెళ్ళేవారికి ఒకే ఒక్క సలహా. కొత్త లేబుళ్ళు వచ్చినా, పాతవి అంటించిన కట్టలు నిజామాబాదు, బాల్కొండ, ముప్కాల్ అంగళ్ళలో ఇంకా చాలా ఉన్నాయి. బస్టాండులో బీడీ కట్ట కొని విప్పినప్పుడు, ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ మీ వైపు చూసి నవ్వుతుంటే, ఆ కాగితాన్ని కింద పడనివ్వకండి. జేబులో పెట్టుకోండి.