మూడు నెలల ముందు మాట

1934లో హాలీవుడ్‌లో మా సినిమా పత్రిక 'మూవీ లాంతర్' మూడు నెలల ముందే అచ్చుకి వెళ్ళిపోయేది. జూన్ సంచిక ఫొటోల్లోని ముద్దులు తారల చేత మార్చిలోనే పెట్టించాలి. ఎడ్నా ఫ్రిచ్ ప్రాణం తీసింది ఆ మూడు నెలలే.

తారల ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళు పోసిన కాఫీ తాగి, 'ఆదర్శ దంపతులు' శీర్షిక రాయడం ఎడ్నా పని. వరసగా రెండు జంటలు సంచిక బజార్లోకి వచ్చేలోపే విడిపోయాయి. ముఖచిత్రం మీద బుగ్గా బుగ్గా ఆనించుకున్న ఒక జంట, అదే రోజు కోర్టులో కుక్క కోసం కొట్టుకుంది.

"మూడోది కూడా విడిపోతే నీ కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చుంటారమ్మాయ్," అన్నాడు ఎడిటర్ పిగ్గట్.

మూడో జంట ఐరిస్ మెలోన్, క్లిఫ్ డాసన్. కొత్తగా పెళ్ళయిన వాళ్ళు, ఒకే ఫోర్కుతో కేకు తింటున్నారు. ఎడ్నా వాళ్ళని కాసేపు చూసి, ఆఫీసుకొచ్చి టైపు కొట్టింది: 'విడిపోయి మళ్ళీ కలిసిన జంట.' క్లిఫ్ 'లెమన్ పై' అనే నిమ్మకాయ మిఠాయి పట్టుకుని భార్య గుమ్మంలో నిలబడి క్షమాపణ అడిగాడని, అన్న మాటలతో సహా రాసేసింది.

పిగ్గట్ కళ్ళజోడు తీశాడు. "వీళ్ళెప్పుడు విడిపోయారు?"

"సంచిక వచ్చేలోపు విడిపోతారు లెండి. ఆ భయం లేదు. మళ్ళీ కలుస్తారా అన్నదే నా భయం."

ఎలాగూ వేరే వ్యాసం లేదు. అచ్చుకి పంపేశాడు.

ఏప్రిల్ చివర్లో ఐరిస్ పెట్టె సర్దుకుని రీనో వెళ్ళిపోయింది. ఆ ఊళ్ళో విడాకులు తొందరగా ఇచ్చేస్తారు; అందుకే మా ఊళ్ళో రీనో అంటే విడాకులనే అర్థం. ఆఫీసులో అందరం ఎడ్నా భుజం తట్టాం. "సగం నిజమైందిగా!" అన్నాను నేను.

"నీ మొహం! ఉద్యోగం రెండో సగంలో ఉంది," అని టోపీ పెట్టుకుని తిన్నగా క్లిఫ్ ఇంటికి వెళ్ళింది.

క్లిఫ్ గడ్డం పెంచుకుని సోఫాలో పడున్నాడు. ఎడ్నా అచ్చు ప్రూఫు చేతికిచ్చింది. అతను పెదాలు కదుపుతూ చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇదంతా నేనే అన్నానా? బాగా అన్నానే!"

"ఇంకా అనలేదు బాబూ. అందుకే వచ్చాను. కారు తియ్యి."

దారిలో 'లెమన్ పై' ఒకటి కొన్నారు. రీనో హోటల్లో ఐరిస్ తలుపు తీసింది. క్లిఫ్ వ్యాసంలోని మాటలు ఒక్కటీ తప్పకుండా అప్పజెప్పాడు.

"ఈ మాటలు నీవి కావు," అంది ఐరిస్.

"కావు. నేను సొంతంగా డైలాగెప్పుడు చెప్పాను? ఒక్కసారి సొంతంగా చెప్పినందుకేగా నువ్విక్కడికొచ్చావు!"

ఐరిస్‌కి నవ్వాగలేదు. ఆ 'లెమన్ పై'ని ముగ్గురూ కలిసి తిన్నారు.

జూన్ సంచిక కాపీలన్నీ అమ్ముడుపోయి మళ్ళీ అచ్చు వేయాల్సొచ్చింది. పిగ్గట్ ఎడ్నా కుర్చీకి మెత్త కుట్టించాడు. ఆ సాయంత్రం ఐరిస్ ఫోన్ చేసింది.

"ఎడ్నా, నాకు నెల తప్పింది. నీకు పుణ్యముంటుంది. కవలలని మాత్రం రాయకే!"

ఎడ్నా గబగబా టైప్‌రైటర్లోంచి కాగితం లాగేసింది.